అమ్మకు చెప్పిన లాకులు

హూల్, చెస్టర్
30 డిసెంబర్ 1962

అక్కా,

ఈ ఉత్తరం టైర్లీ లాకుల దగ్గర తలుపులు చూసే లస్కరు ఇంటి చిరునామాకు వేస్తున్నాను. కాలువ గడ్డకట్టి మీ పడవ అక్కడే ఆగిపోయిందని నిన్న పడవలు సరుకు దించే వార్ఫ్‌లో ఒకాయన చెప్పాడు. క్రిస్మస్ మర్నాటి నుంచి ఇక్కడా ఇదే వరస. మా వీధిలో నీళ్ళ గొట్టాలు పగిలాయి. జీన్ పక్క వీధి నుంచి బకెట్లతో నీళ్ళు మోస్తోంది. ఫ్యాక్టరీ సగం రోజే నడుస్తోంది.

అసలు సంగతి అమ్మ. గుండె చుట్టూ నీరు చేరిందని డాక్టరు చెప్పాడు. ఎన్నాళ్ళని అడిగాను. "వారాలనుకోండి, నెలలనుకోవద్దు" అన్నాడు. మెట్ల కింద నిలబడి కోటు గుండీలు పెట్టుకుంటూ చెప్పాడు. మంచివాడే. వీధి చివర ఇంకో ఇంటివాళ్ళు అతని కోసం తలుపు తెరిచి నిలబడి ఉన్నారు.

అమ్మకి తెలివి బాగానే ఉంది. మంచం వెనక గదిలో వేశాం. కిటికీ అద్దం నిండా మంచు పట్టి బయటేమీ కనబడదు. పొద్దున్న లేవగానే ఒకటే మాట: "రోడా ఏ లాకు దగ్గరుంది?"

డ్రేటన్‌లో రైలెక్కి వచ్చెయ్. పడవని బావ చూసుకుంటాడు.

లెన్


టైర్లీ పై లాకు
5 జనవరి 1963

లెన్,

నీ ఉత్తరం నిన్న చేతికొచ్చింది. టపా మనిషి కింద రోడ్డు వరకే వస్తున్నాడు. లస్కరు నడుం లోతు మంచులో దిగి వెళ్ళి తెచ్చాడు.

కాలువ మీద మనుషులు నడుస్తున్నారు. మీ బావ ఎఫ్రాయిమ్ రోజూ గొడ్డలితో పడవ చుట్టూ పగలగొడతాడు, లేకపోతే పలకలు నొక్కుకుపోతాయి. తెల్లారేసరికి మళ్ళీ మామూలే. మంచు పగలగొట్టే పడవ ఒకసారి నార్బరీ వైపు నుంచి వచ్చింది. మా వెనక రాతి లోయలో చిక్కుకుని ఆగిపోయింది. దాని మీద పనిచేసేవాళ్ళు దాన్ని అక్కడే వదిలేసి ఇళ్ళకు పోయారు.

పడవలో ఉన్నది చెస్టర్ వార్ఫ్‌లో దించాల్సిన బొగ్గు. ఊళ్ళో ఎవరింట్లోనూ బొగ్గు లేదు, మా పడవ నిండా ఉందని అందరికీ తెలుసు. మొన్న ఒక ముసలావిడ ఖాళీ బకెట్ పట్టుకుని వచ్చి గట్టు మీద నిలబడింది. ఏమీ అడగలేదు. "ఇది మనది కాదు, ఇవ్వకూడదు" అని ఎఫ్రాయిమ్ నాతో అన్నాడు. అని, పొయ్యి చూసొస్తానని లోపలికి పోయి తలుపేసుకున్నాడు. మళ్ళీ బయటికొచ్చేసరికి ఆవిడ లేదు. ఎంత పోయిందో చూడలేదు, నన్ను అడగనూ లేదు.

రైలు సంగతి. నేను పడవతోనే వస్తాను. కంపెనీ సరుకు వదిలి రాకూడదన్నది ఒక కారణం, కానీ అది పెద్ద కారణం కాదు. మేం డ్రేటన్ పైన ఆగామని అమ్మకి చెప్పు. ఇంకేం చెప్పనక్కర్లేదు, ఆమెకి అర్థమవుతుంది.

రోడా


హూల్
9 జనవరి

అక్కా,

పెద్ద కారణం కాదన్నావు. పెద్ద కారణమేమిటో రాయలేదు. జీన్ రెండుసార్లు చదివి, "మీ అక్కకి రావాలని లేదేమో" అంది.

నువ్వు చెప్పమన్నది నేను చెప్పలేదు. ఆగిపోయారని తెలిస్తే ఆమె కూడా ఆగిపోతుందని భయం వేసింది. నీ ఉత్తరం రాకముందే "డ్రేటన్ దాటారమ్మా" అనేశాను. మర్నాడు "ఆడర్లీ లాకులు అయిదూ దిగారు" అన్నాను. దిండుకానుకుని కూర్చుంది. ఓట్స్ జావ గిన్నె ఖాళీ చేసింది. ఆ ఊపులో ఇంకా ముందుకు పోయాను.

"ఆడ్లెమ్ కూడా దిగేశారు. పొద్దున్నే."

స్పూను పక్కన పెట్టింది. "పదిహేను లాకులూ పొద్దున్నేనా?"

"అవునమ్మా."

"ముందు పోయి తలుపులు తెరిచేదెవరు?"

"బావ. సైకిలు మీద."

"అతను సైకిలు తొక్కుకుంటూ ముందుకు పోతే వెనక తలుపులు మూసేదెవరు? రోడా చుక్కాని వదిలేసి గట్టుమీదికి దూకుతుందా? నువ్వు ఉత్త గట్టు మనిషివైపోయావురా!"

అని నవ్వింది. ఎన్ని రోజులకో నవ్వింది. గట్టు మీద ఇళ్ళు కట్టుకున్నవాళ్ళంటే పడవలవాళ్ళకి ఎంత లోకువో నేను మరిచే పోయాను. మంచులో ఎలా వస్తున్నారని అడిగితే, ముందు మంచు పగలగొట్టే పడవ నడుస్తోందన్నాను.

"ఎన్ని గుర్రాలు కట్టారు?"

"ఇప్పుడు గుర్రాలెక్కడివమ్మా. ఇంజనే."

"అయితే ఆలస్యమే" అంది.

ఇవాళ మిమ్మల్ని హ్యాక్ గ్రీన్ దగ్గర ఉంచాను. రేపు నాంట్విచ్ చేర్చాలి. అక్కడ ఒకరోజు ఆపగలను, పోనీ రెండు రోజులు. ఆ తర్వాత బన్‌బరీ, బీస్టన్. నా దగ్గర లాకులు తరిగిపోతున్నాయి. నువ్వు రైలెక్కితే ఈ పని నాకు తప్పుతుంది.

లెన్


టైర్లీ
14 జనవరి

లెన్,

ఆడ్లెమ్ పదిహేనూ పొద్దున్నే దిగటం నాన్న వల్ల కూడా కాలేదు. ఇంకోటి. అక్కడి చర్చి దొడ్లో నాన్న ఉన్నాడు. ఆయన్ని మట్టిలో పెట్టిన రోజు నుంచి మన పడవ ఆడ్లెమ్ కింద లాకు దగ్గర ఆగకుండా పోయింది లేదు. ఆగామని చెప్పావా? చెప్పకపోతే మేం నాన్నని దాటి వచ్చేశామని చెప్పినట్టే. చెప్పటం మొదలుపెట్టాక సరిగ్గా చెప్పు.

పెద్ద కారణం అడిగావు. సెప్టెంబర్‌లో మీరు అమ్మని టాక్సీలో వార్ఫ్‌కి తెచ్చారు కదా. నువ్వు డ్రైవరుతో మాట్లాడుతున్నప్పుడు ఆమె నా మణికట్టు పట్టుకుంది. "నేను పోయాక నన్ను ఇలాంటి కారులో ఎక్కించకు. పడవలో తీసుకెళ్ళి మీ నాన్న పక్కన పెట్టు" అంది. సరేనన్నాను. మనవాళ్ళందరూ అలాగే వెళ్ళారు. నాయనమ్మ వెళ్ళింది, నాన్న వెళ్ళాడు. అప్పుడు నువ్వు సైన్యంలో ఉన్నావు, చూడలేదు.

నేను రైలు దిగి వట్టి చేతులతో గుమ్మంలోకి వస్తే, పడవ రావటం లేదని నా ముఖం చూడగానే ఆమెకి తెలిసిపోతుంది. అందుకని ఆగాను. మీ ఇంటికి రావటం ఇష్టం లేక కాదు. ఈ మూడేళ్ళలో నేను మీ ఇల్లు చూడలేదన్నది నిజమే. మీరే ఆమెని వార్ఫ్‌కి తెచ్చేవారు, నాకు అవసరం పడలేదు. జీన్‌కి చెప్పు.

ఇక్కడ కొత్తగా చెప్పేదేం లేదు. పొద్దున్న గొడ్డలి చప్పుడు, సాయంత్రం గొడ్డలి చప్పుడు. లస్కరు పెరట్లో బాతులు చచ్చిపోయాయి. "ఒక్కసారైనా ఏడవ్వేంటి?" అని ఎఫ్రాయిమ్ అడిగాడు. ఏమీ అనిపించటం లేదన్నాను. చలికి అలాగే ఉంటుందన్నాడు.

రోడా


హూల్
18 జనవరి

అక్కా,

ఆ మాట అమ్మ నాకు చెప్పలేదు. మూడేళ్ళుగా ఈ ఇంట్లో ఉంది. రోజూ ఒళ్ళు తుడిచేది జీన్. రాత్రి దగ్గొస్తే లేచి కూర్చునేది నేను. నీకు చెప్పింది. సరే.

నిన్నటి నుంచి ఏమీ తినటం లేదు. నీళ్ళు మాత్రం గుడ్డతో పెదాలకు అద్దుతున్నాం. అయినా అడుగుతూనే ఉంది. బీస్టన్ దాటించాను, క్రిసిల్టన్ దాటించాను, ఇక ఊరే మిగిలింది. మధ్యలో తనే అడిగింది.

"మీ నాన్న దగ్గర ఆగారా?"

"ఆగారమ్మా."

"పూలు దొరికుండవు, ఈ చలికి."

"కొమ్మేదో పెట్టారట. ఎర్రపళ్ళది."

"అది చాలు. ఆయనకి పూలంటే తుమ్ములు" అంది.

నువ్వు సరిగ్గా చెప్పమన్నావని అలా చెప్పాను.

పడవ వస్తుందా, ఆడ్లెమ్ వెళ్ళాలా అన్నది తర్వాత చూద్దాం. ముందు నువ్వు రా. క్రూలో రైలు మారాలి. చెస్టర్ స్టేషన్ బయటికి రాగానే కుడి చేతివైపు తిరుగు. పట్టాల మీది వంతెన దాటు. ఎడమ పక్క మూడో వీధి, పచ్చ తలుపు. నడిస్తే ఎంతోసేపు పట్టదు. ఊళ్ళోకి పోకు, మా ఇల్లు స్టేషన్‌కి వెనక వైపు.

లెన్


టైర్లీ
29 జనవరి

లెన్,

నిన్న చేరాను. డ్రేటన్ నుంచి పాలబండి ఎక్కించుకుంది. కాలువ నేను వెళ్ళినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. మధ్యాహ్నం ఎండ వస్తే పైన ఒక పొర తడుస్తుంది, చీకటి పడ్డాక బిగుసుకుంటుంది.

వెంటనే రమ్మన్న నీ టెలిగ్రాం అందిన మర్నాడే తెల్లారి రైలెక్కాను. నీ 18వ తేదీ ఉత్తరం నేను వెళ్ళిన మధ్యాహ్నం వచ్చిందట. లస్కరు భార్య దాచి ఉంచింది. ఇప్పుడే చదివాను.

మీ ఇంట్లో వారం ఉండి కూడా ఒక మాట అనలేదు. అనకుండా మింగేద్దామనుకున్నాను. రాసేస్తేనే నయమనిపిస్తోంది.

ఆ రోజు నేను తలుపు తోసుకుని వచ్చేసరికి బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి ఉంది. బంగారు అంచు కప్పులు, పంచదార గిన్నె, కోసిన కేకు. పైన అమ్మ పోయి ఉంది. జీన్ నన్ను చూసి అన్న మొదటి మాట, "టీ చల్లారిపోయింది." నువ్వు మెట్ల మీద కూర్చుని ఉన్నావు, తలెత్తలేదు. పైన ప్రాణం పోతుంటే కింద మీరు గుడ్డ పరుచుకుని టీకి కూర్చున్నారన్నమాట. గట్టు మీది ఇళ్ళలో అది మామూలేమో, నాకు తెలియదు. పడవలో ఒకటే గది. మాకు ఇంకోచోట కూర్చునే వీల్లేదు.

గొయ్యి సంగతి నేను నిన్నేమీ అనటం లేదు. గునపాలు దిగక వాళ్ళు నేల మీద నిప్పు వేసి కరిగించటం చూశాను. అమ్మ కారులోనే వెళ్ళింది. వేరే దారి లేదు. నాన్న ఆడ్లెమ్‌లో, ఆమె చెస్టర్‌లో.

సరుకు తగ్గిందని కంపెనీ మనిషి వచ్చి అన్నాడు. ఎఫ్రాయిమ్ తనే వాడానని చెప్పాడు.

రోడా


హూల్
3 ఫిబ్రవరి

అక్కా,

జీన్ నీ ఉత్తరం చదివింది. మడిచి నా చేతికిచ్చి, కోటు వేసుకుని బయటికి వెళ్ళిపోయింది. చాలాసేపటికి వచ్చింది. "నువ్వే రాయి. నేను రాస్తే బాగుండదు" అంది.

నాకూ అడగాల్సింది ఒకటి ఉంది కాబట్టి ముందు అదే అడుగుతాను. నీ రైలు పదకొండుకి వచ్చింది. ఆలస్యం కాలేదు. తర్వాత స్టేషన్‌కి వెళ్ళి కనుక్కున్నాను. నువ్వు మా గుమ్మంలోకి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. అయిదు నిమిషాల దారి. నా ఉత్తరం అందలేదంటున్నావు, ఒప్పుకుంటాను. కానీ వీధి పేరు నీకు తెలుసు, నోరుంది. "పల్లెటూరి మనిషి కదా, పెద్ద బజారులో రెండంతస్తుల దుకాణాలు చూస్తూ నిలబడిపోయి ఉంటుంది" అంది పక్కింటావిడ. నేను కాదనలేదు. కాదనటానికి నాకేం తెలుసు?

ఇప్పుడు టీ.

ఆ రోజు పదకొండు దాటాక అమ్మ కళ్ళు తెరిచింది. గొంతు లేదు, దగ్గరగా వంగితే వినబడుతోంది.

"ఏ లాకు?"

నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు. "నార్త్‌గేట్ లాకుల పైకి వచ్చేశారమ్మా" అన్నాను.

"మూడూ దిగాలి."

"దిగాలి."

"అక్కడ రాతి మధ్య గాలి కోస్తుంది. దాని చేతులు కొయ్యబారి ఉంటాయి. జీన్‌ని టీ పెట్టమను."

"పెట్టమంటాను."

"మంచి కప్పులు తియ్యమను. మగ్గులో పోసి ఇస్తే, పడవ మనిషినని చులకన చేశారనుకుంటుంది అది. దాని సంగతి నాకు తెలుసు."

"సరేనమ్మా."

"సరేనంటూ నిలబడతావేంట్రా. పో."

పోయాను. జీన్ కప్పులు దించింది. నేను గుడ్డ పరిచాను. క్రిస్మస్ కేకు మిగిలింది ఉంటే కోశాం. కెటిల్ కూత పెట్టగానే, టీ అయిందని చెబుదామని పైకి వెళ్ళాను. పోయింది.

బల్ల సర్దేద్దామని నేను అంటే జీన్ ఒప్పుకోలేదు. "అత్తయ్య పెట్టమంది. మీ అక్క వచ్చేదాకా ఉండాల్సిందే" అంది. రెండుసార్లు పారబోసి కొత్తగా పెట్టింది. నువ్వొచ్చేసరికి మూడోది కూడా చల్లారింది. అదే నీకు చెప్పింది.

ఎవరూ రాని లాకు పేరు చెప్పి అమ్మని పంపేశాను. నాకు మిగిలింది అదే. నువ్వు ఆ రెండు గంటలూ ఎక్కడున్నావో చెప్పు.

లెన్


ఆడ్లెమ్ కింద లాకు
9 మార్చి

లెన్,

నీ ఉత్తరం నెల రోజులుగా సొరుగులో ఉంది. రోజూ తీసేదాన్ని. రాయటానికేమీ తోచేది కాదు.

ఎక్కడున్నావన్నావు. చెబుతాను.

స్టేషన్ బయటికి వచ్చాను. మీ వీధి పేరు చెప్పి ఒకతన్ని అడిగాను. నా టోపీ, బూట్లు చూసి, చిల్లర లేదని పోయాడు. ఇంకో ఆవిడ ఆగలేదు. మరొకరిని అడగబుద్ధి కాలేదు. చెస్టర్‌కి నేను పుట్టినప్పటి నుంచి వస్తున్నాను. కానీ ఆ ఊరిని ఎప్పుడూ కింది నుంచే చూశాను. నాకు తెలిసిన చెస్టరంటే నీళ్ళు, పక్కన రాయి, రాతి మీద కోటగోడ, గోడ మీద ఎవరివో కాళ్ళు. ఆ దుకాణాలు ఎక్కడుంటాయో కూడా నాకు తెలియదు. వీధిలో నిలబడితే ఎటు పోవాలో తెలియలేదు.

కాలువ ఎటుందో తెలుసు. అక్కడికి పోతే లాకు మనిషి ఉంటాడు, మన పేరు చెబితే ఇల్లు చూపిస్తాడు అనుకున్నాను. రోడ్డు దిగి వంతెన పక్క మెట్ల మీదుగా గట్టు బాటలోకి వచ్చాను. అక్కడికి వచ్చాక కాళ్ళు వాటంతటవే నడిచాయి. మంచు మోకాలి దాకా ఉంది. గోడ కిందుగా నడిచి నడిచి లాకుల పైకి వచ్చాను. ఎవరూ లేరు. పై తలుపు తోసే దూలం మీద మంచు తుడుచుకుని కూర్చున్నాను. చాలాసేపటికి కింది నుంచి ఒక మనిషి పార పట్టుకుని వచ్చాడు.

"లెన్ ఇల్లా? హూల్‌లో కదా?" అన్నాడు. "ఎట్నుంచి వస్తున్నావు తల్లీ?"

"స్టేషన్ నుంచి."

"అయ్యో దేవుడా! స్టేషన్ వెనకే హూల్. ఇంటి ముందు దిగి ఊరి చివరికి నడిచొచ్చావు."

వచ్చిన దారినే తిరిగి వచ్చాను. ఆ రెండు గంటలూ అవే.

ఆ లాకులు నార్త్‌గేట్ లాకులు, లెన్. నువ్వు అమ్మకి చెప్పినప్పుడు నేను వాటి పైనే ఉన్నాను, లేదా వాటి వైపు నడుస్తూ ఉన్నాను. పడవ లేదు. మిగతాది నువ్వు చెప్పినట్టే ఉంది. గాలి కోసింది, చేతులు కొయ్యబారాయి. దీని గురించి ఏమనుకోవాలో నాకు తెలియటం లేదు. స్టేషన్‌లో కుడికి తిరిగి ఉంటే ఆమెను చూసేదాన్ని. అప్పుడు నువ్వు చెప్పింది అబద్ధమయ్యేది. రెండింట్లో ఏది మంచిదో ఎఫ్రాయిమ్‌ని అడిగాను. అతను బూట్లు తుడుచుకుంటున్నాడు, ఆపలేదు.

జీన్‌కి నేను అన్నది తప్పని చెప్పు. ఆమెకి వేరే ఉత్తరం రాద్దామని మొదలుపెట్టాను, కుదరలేదు. వార్ఫ్‌లో సరుకు దించాక ఇంటికి వస్తాను. టీ ఇస్తే తాగుతాను.

మొన్న మంచు కరిగింది. చప్పుడు చేస్తూ విరిగింది. టైర్లీ అయిదూ దిగాం, ఆడర్లీ దిగాం. ఆడ్లెమ్ పదిహేనుకి ఒక రోజంతా పట్టింది. కింద ఆగి నాన్న దగ్గరికి వెళ్ళాం. అమ్మ రావటం లేదని చెప్పాలి కాబట్టి చెప్పాను. ఇంకా కాసేపు నిలబడ్డాం. నేల మెత్తబడింది, బూట్లు దిగబడుతున్నాయి. వచ్చేశాం.

ఇప్పుడు నేనెక్కడున్నానని అడిగే మనిషి లేదు. అయినా రాస్తున్నాను. ఈ రాత్రికి ఆడ్లెమ్ కింద లాకు. రేపు పొద్దున్న హ్యాక్ గ్రీన్ రెండూ. గాలి లేకపోతే చీకటి పడేలోపు నాంట్విచ్.

రోడా